పిండి లేని నూనె

గోదావరి మధ్యలో ఒక లంక. పేరు అడక్కండి. ఏటా ఏరు వచ్చి దాని ఆకారమే మార్చిపోతుంటే ఇక పేరు పట్టుకుని ఏం చేసుకుంటాం. ఆ లంక మీద మనుషులు లేరు కాబట్టి కాస్త మంచీ మర్యాదా ఉండేవి. ఉన్నవన్నీ జంతువులే. ఎవరి పని వాళ్ళది.

ఎద్దు గురవయ్య గానుగ తిప్పేవాడు. గేదె సత్తెమ్మది పాడి. వడ్రంగి పిట్ట కోటాచారిది చెక్కపని. కోడి మంగాయమ్మ గుడ్లు పెట్టేది, పిల్లల్ని లేపేది, మిగతా పొద్దంతా లంక ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేది. ఒకచోట నిలవడం ఆవిడకు చేతకాదు. గుడ్లు పొదగడానికి కూర్చున్నా మెడ మాత్రం ఊరంతా తిరిగి వచ్చేది. "కాలుగాలిన పిల్లి అంటారు గానీ, మా మంగాయమ్మను చూస్తే ఆ పిల్లి కూడా కాసేపు కూర్చోవే అంటది" అని సత్తెమ్మ వేళాకోళం చేసేది.

లంక బతుకంతా గురవయ్య గానుగలోనే ఉండేది. ఎవరి నువ్వులు వాళ్ళు తెచ్చి వరుసలో పెట్టుకుంటే ఆడించి ఇచ్చేవాడు. నూనె, నువ్వులు తెచ్చినవాళ్ళది. మిగిలిన తెలకపిండి మాత్రం ఎవరి సొంతమూ కాదు, లంకది. అందులో గురవయ్య మేతకింత, సత్తెమ్మ కుడితిలోకింత, తక్కిందంతా కోడిపిల్లలకు. ఆ పిండి తిని సత్తెమ్మ పాలు చిక్కబడేవి, పిల్లలకు ఈకలు వచ్చేవి. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన పద్ధతి కాదిది. తాతల నాటి నుంచి జరుగుతోంది కాబట్టి జరుగుతోంది. జరుగుతున్నంత కాలం దాని విలువ ఎవరికీ పట్టదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ ఏడు శ్రావణంలో గోదారి లంక మీదకు ఎక్కింది. అందరూ ఇసుకదిబ్బ మీదకు పరుగెత్తారు. గురవయ్య మాత్రం మెడలోతు నీళ్ళలో మళ్ళీ మళ్ళీ దిగి, ఇంటింటి నువ్వుల బస్తాలూ వీపున వేసుకుని దిబ్బకు చేర్చాడు. తన గానుగ సంగతి చూసుకునే తీరిక దొరకలేదు. ఏరు తీసేసరికి గానుగ రోలు నిండా ఒండ్రు, రోకలి ఏ సముద్రంలో కలిసిందో తెలియదు.

కోటాచారి ముక్కు అరిగేలా తుమ్మమొద్దు చెక్కి కొత్త రోకలి నిలబెట్టాడు. నిలబెట్టి అందరినీ పిలిచి ఒక మాట చెప్పాడు.

"వినండి. ఇది పచ్చి మాను. నూనె తాగితేనే బతుకుద్ది. కార్తీకం గాలి తగిలేలోపు నాలుగు గానుగలు ఆడిందా, మీ మనవల దాకా ఉంటది. ఆడలేదా, నిట్టనిలువునా పగులుద్ది. మళ్ళీ చెక్కడానికి లంకలో ఇంకో తుమ్మచెట్టు లేదు. వరద వదిలింది ఈ ఒక్కటే."

"ఆడకపోవడమేంటి ఆచారీ" అంది మంగాయమ్మ. "వరుసలో ముందు నా బస్తానే. ఇదిగో, ఇప్పుడే తెచ్చేస్తున్నా."

తెచ్చింది. తెచ్చి చూస్తే గురవయ్య ఇంకా రోట్లో ఒండ్రు తీస్తున్నాడు.

"ఇంకా ఎంతసేపు బాబాయ్?"

"అడుగున ఇసుకుందే అమ్మా. ఇసుకతో ఆడిస్తే నూనె పళ్ళకు తగులుద్ది. రేపు పొద్దుటికి అయిపోద్ది."

రేపు పొద్దున అనేది మంగాయమ్మ వినదగ్గ మాట కాదు. గానుగ చుట్టూ తిరిగింది. రేవుకు వెళ్ళింది, వచ్చింది. నీళ్ళలో నాని సత్తెమ్మ గిట్టలు పుండ్లు పడ్డాయి, వాటికి నూనె కావాలి. ఇంట్లో దీపం వెలిగి ఎన్నాళ్ళయిందో. ఇలా సణుగుతూ మళ్ళీ రేవుకు వెళ్ళేసరికి, అవతలి గట్టు నుంచి అరటిబోదెల తెప్ప ఒకటి వస్తోంది. దాని మీద నూనె డబ్బాలు. డబ్బాల మధ్యలో భుజం మీద కండువాతో నక్క పాపారావు.

"మంగాయమ్మక్క గారూ, బాగున్నారా? వరదలో చాలా నష్టపోయారని విన్నాను. మనసు ఊరుకోలేదండీ."

"బాగానే ఉన్నాం గానీ, ఆ డబ్బాల్లో ఏంటండీ?"

"నువ్వుల నూనె. మీ గానుగలో బస్తాకు వచ్చేంత నూనె, నేను అరబస్తాకే ఇస్తాను. వరుసలో నిలబడక్కర్లేదు. ఇలా నువ్వులు పొయ్యండి, అలా నూనె పట్టుకెళ్ళండి. కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గర లాభం చూసుకునే రకం కాదు నేను."

లంక మీద ఎద్దు కొమ్ములూ గేదె కొమ్ములూ ఉన్నంత కాలం నక్క పళ్ళు కండువా చాటునే ఉంటాయని మంగాయమ్మకు తెలుసు. అందుకే భయపడలేదు. ఆశపడింది. వరుసలో ముందున్న తన బస్తాను గానుగ దగ్గర నుంచి ఈడ్చుకుంటూ రేవుకు తెచ్చింది. డబ్బా మూతికి బిరడాగా ఏదో నల్లటి ముద్ద కుక్కి ఉంది. అదేమిటో చూసే ఓపిక ఆవిడకు ఎక్కడిది.

"వెళ్తావా అమ్మా?" అన్నాడు గురవయ్య, ఒండ్రు గిట్టలతోనే.

"ఈ ఒక్కసారికే బాబాయ్. నీ గానుగ ఎక్కడికి పోద్ది."

అంతటితో ఊరుకుంటే మంగాయమ్మ ఎందుకు అవుతుంది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. నక్కను తొక్కి వచ్చామనుకోండి ఒదినా అంది. సగం నువ్వులకే నూనె అంది. పొరుగింటి పుల్లకూర రుచి కదా, సత్తెమ్మ వెళ్ళింది, మేకలు వెళ్ళాయి, బాతులు వెళ్ళాయి, కోళ్ళన్నీ వెళ్ళాయి. నూనె ఇంకా కావాలా అంటే కావాలన్నారు. అటకమీదవి కూడా దింపారు. గురవయ్య మెడలోతు నీళ్ళలో మోసి కాపాడిన బస్తాలు ఒక్కొక్కటే ఏరు దాటిపోయాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు చూడండి, ఆ నువ్వులు ఇవే అయ్యుంటాయి.

గురవయ్య రోట్లో ఇసుక పూర్తిగా తీశాడు. కడిగాడు. మెడమీద కాడి వేసుకుని నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. సాయంత్రం దాకా నిలబడి, కాడి దింపి పక్కన పెట్టాడు. మర్నాడు మళ్ళీ వేసుకున్నాడు. నాకు ఆ ఎద్దును తలచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది, లంక మీద.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. దీపాలు వెలిగాయి, సత్తెమ్మ గిట్టలు మానాయి. దసరా దాటాక మంగాయమ్మ పిల్లలు ఆకలని వెంటపడటం మొదలుపెట్టాయి. వరద ఒండ్రు కింద గింజా లేదు, పురుగూ లేదు. మెడలు సన్నబడ్డాయి. రావలసిన ఈకలు రాలేదు. ఒక పిల్ల అయితే నడవడం మానేసి, ఎక్కడ పెడితే అక్కడే కళ్ళు మూసుకుని ఉండిపోతోంది. మంగాయమ్మ సత్తెమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"ఒదినా, కాసిని పాలు పొయ్యవా?"

"పాలెక్కడివే తల్లీ. తెలకపిండి తిని ఎన్నాళ్ళయింది? ఉత్త గడ్డికి నీళ్ళే వస్తున్నాయి."

అప్పుడు గురవయ్య దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్, తెలకపిండి పెట్టడం లేదేంటి నువ్వు? పిల్లలు చచ్చిపోయేలా ఉన్నాయి."

గురవయ్య ఆవిడ వైపు తిరిగాడు.

"నూనె ఎక్కడ తెచ్చుకున్నావే?"

"పాపారావు గారి దగ్గర."

"మరి పిండి నన్ను అడుగుతావేంటే?"

మంగాయమ్మ కాళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. ఆవిడ జీవితంలో ఇలా జరగడం అరుదు.

"నువ్వులు రాకుండా నేను పిండి ఎక్కడ నుంచి తేను?" అన్నాడు గురవయ్య. "ఇటు రా, ఇది చూడు."

రోకలి మీద పైనుంచి జానెడు కిందికి సన్నటి బీట. గాలి అప్పుడే పొడిబారింది.

"పగిలిపోద్దా బాబాయ్?"

"ఆచారి చెప్పాడుగా. ఇది పగిలాక నేనూ ఉండను. ఏరు సన్నబడ్డాక దాటుకుని ఎక్కడైనా దుక్కికి కుదురుతా. పని లేని ఎద్దుకు గడ్డి కూడా దండగే కదా."

ఆవిడ ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు పాపారావు ఉన్నాడు. పిల్లల్ని చూస్తూ తల పంకిస్తున్నాడు. పాపం, కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు.

"ఏంటండీ అక్కగారూ ఇలా అయిపోయారు. మా గట్టున తెలకపిండి గుట్టలు పడి ఉంది, తినేవాడు లేడు. పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యండి. మీరొక్కరే కాదు, లంకలో కోళ్ళన్నీ వస్తానన్నా నాకు అభ్యంతరం లేదు. రేపు పొద్దున్నే తెప్ప తెస్తాను."

"వస్తామండీ" అంది మంగాయమ్మ. తప్పేముంది, తల్లి కదా. పిల్ల ఆకలితో కళ్ళు మూస్తుంటే ఏ తల్లయినా అదే అంటుంది.

నక్క వెళ్ళాక కళ్ళు మూసుకున్న పిల్లకు ఏదైనా పెడదామని ఇల్లంతా వెతికింది. ఏమీ లేదు. ఖాళీ అయిన నూనె డబ్బా కనిపించింది. దాని మూతికి ఉన్న నల్లటి ముద్ద నూనెలో నానినదే కదా, పొడుచుకుంటే కాస్త జిడ్డయినా కడుపులోకి పోతుందని లాగి పిల్లల ముందు పడేసింది. పిల్లలు పొడిచాయి. ఇసుకలో అటూ ఇటూ లాక్కున్నాయి. ముద్ద విడిపోయింది.

ఈకలు. ఇసుకకు రుద్దుకుని జిడ్డు పోయేసరికి రంగు తేలాయి. తెల్లటివి, అంచున నల్లచుక్కలున్నవి. అలాంటి ఈకలు ఈ చుట్టుపక్కల కింది లంక కోళ్ళకే ఉంటాయి. కింది లంక మంగాయమ్మ పుట్టిల్లు.

ఆవిడ ఆ ఈకల్ని చూస్తూ నిలబడిపోయింది. వరద తర్వాత పుట్టింటి నుంచి కబురు లేదంటే, ఎవరి తిప్పలు వాళ్ళవిలే అనుకుంది. అక్కడా గానుగ ఉండేది. అక్కడా ఇలాగే తెప్ప వచ్చి ఉంటుంది. గానుగ ఆగి, పిండి పోయి, పిల్లలు చిక్కి, తెప్ప ఎక్కి ఉంటారు. ఖాళీ ఇళ్ళల్లో మిగిలిన నూనే డబ్బాల్లో పోసి పాపారావు ఇక్కడికి మోసుకొచ్చాడు. సగం నువ్వులకే ఎలా ఇవ్వగలిగాడో ఇప్పుడు తెలిసింది. మంగాయమ్మ గట్టిగా ఏడవలేదు. ఈకలన్నీ ఏరి రెక్క కింద పెట్టుకుని మళ్ళీ గానుగ దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్, తప్పు నాది. వరుసలో ముందున్నదాన్ని నేనే పక్కకు పోయాను. ఊరందరినీ నేనే తీసుకుపోయాను. ఇవి చూడు."

గురవయ్య చూశాడు. చూసి, ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి వదిలాడు.

"రేపు తెప్ప దిగగానే కొమ్ములతో..."

"వద్దు. నువ్వు పొడిస్తే వాడు పోతాడు, మన నువ్వులు అవతలి గట్టునే ఉంటాయి. గానుగ పగులుద్ది. పిల్లలు ఎలాగూ దక్కవు. ముందు నువ్వులు ఇటు రావాలి."

"వాడెందుకు తెస్తాడే?"

"వాడికి నువ్వులెందుకు బాబాయ్? నక్క నువ్వులు తింటదా?"

పొద్దున్నే పాపారావు తెప్ప కట్టేసి వచ్చేసరికి మంగాయమ్మ పిల్లల్ని ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది. అలా కూర్చోవడం ఆవిడకు ఎంత కష్టమో, పక్కనే నిలబడ్డ సత్తెమ్మకు తెలుసు. లోపల ప్రాణం గిలగిల్లాడుతున్నా తోక ఈక కూడా ఆడించలేదు.

"పదండి అక్కగారూ, నీళ్ళు బాగున్నాయి."

"రావాలనే ఉందండీ. కానీ మీరే చూడండి, వీటికి ఈకా ఎముకా తప్ప ఏముంది? తెప్ప మీద గాలి కొడితే సగం ఏట్లో పడతాయి. మీ గట్టుకు వచ్చేవి ఎన్ని?"

పాపారావు పిల్లల్ని చూశాడు. నిజమే, పంటి కిందకు కూడా రావు.

"మా గట్టున పిండి ఉందిగా, తిని బలుస్తాయి."

"అక్కడ దాకా చేరితే కదండీ. ఒక్కసారి అలవాటైన గానుగ పిండి తింటే ఇక్కడే నిగనిగలాడిపోతాయి. అప్పుడు లంకలో కోళ్ళన్నీ ఒకేసారి వచ్చేస్తాం. నేను చెబితే వినని కోడి ఉందా ఇక్కడ? మీ నూనె ఊరందరి చేతా పట్టించింది నేనే కదా."

ఆ మాట నిజం. అందుకే నక్కకు నమ్మకం కుదిరింది.

"ఏం కావాలంటారు అయితే?"

"మా నువ్వులు కాసిని తెచ్చిపెట్టండి. మీకు అక్కడ అడ్డమే కదా."

పాపారావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. నువ్వుల బస్తాలు అవతల గట్టున ఎలుకలు కొడుతున్నాయి. లంకలో కోళ్ళన్నీ బలిసి, తమంతట తామే తెప్ప ఎక్కడం అంటే మళ్ళీ జన్మలో దొరకని బేరం. వెళ్ళాడు. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మంగాయమ్మ రేవుకూ ఇంటికీ తిరిగి తిరిగి ఇసుకలో బాట వేసేసింది. రోకలి బీట ఇంకో జానెడు దిగింది. కళ్ళు మూసుకున్న పిల్లను సత్తెమ్మ తన పొట్ట వెచ్చదనంలో పెట్టుకుని కూర్చుంది. ఇక రాడులే అని గురవయ్య కాడి దింపబోతుంటే, రేవులో తెప్ప కనిపించింది. మోయలేనన్ని బస్తాలతో నీళ్ళకు సమానంగా తేలుతూ వస్తోంది.

గానుగ తిరిగింది. కిర్రుమన్న ఆ చప్పుడు వినగానే లంకంతా గానుగ దగ్గరికి వచ్చేసింది. కొత్త రోకలి మొదటి నూనె తాగింది, రెండోదీ తాగింది, బీట ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. గురవయ్య తాను ఒక్క పిడికెడు కూడా తినకుండా మొదటి పిండంతా పిల్లల ముందు పోశాడు. కళ్ళు మూసుకున్న పిల్లకు మంగాయమ్మ పిండి నానబెట్టి ముక్కుతో పెట్టింది. అది మింగింది. అప్పుడు ఏడ్చింది మంగాయమ్మ, అందరి ముందూ, ఏ మొహమాటమూ లేకుండా.

పాపారావు మధ్యలో వస్తూ పోతూ, పిల్లలు ఒళ్ళు చేయడం చూసి లొట్టలు వేస్తూ, ఇంకా కావాలంటే ఇంకా బస్తాలు తెచ్చాడు. తన కూరకు తానే నూనె మోసుకొస్తున్నానని మురిసిపోయాడు. బస్తాలన్నీ వచ్చేశాక ఒక పొద్దున కండువా సవరించుకుని నిలబడ్డాడు.

"ఇక బయలుదేరదామా అక్కగారూ?"

"బయలుదేరదాం. కానీ ఇంత ఉపకారం చేసిన పెద్దమనిషిని ఊరికే పంపితే లంకకు మాట కదండీ. మా ఆనవాయితీ ఒకటుంది. గానుగ కాడితో పాటు తిరిగే పలక ఉంది చూడండి, దాని మీద కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పుతాం. గురవయ్య బాబాయ్ నడక మీకు తెలిసిందే."

"తెలుసు తెలుసు, కునుకు తీసి లేవొచ్చు" అని నవ్వుతూ పలక ఎక్కాడు పాపారావు. పెద్దమనిషి అనిపించుకోవాలని ఏ నక్కకు ఉండదు.

మొదటి చుట్టు గురవయ్య ఎప్పటిలాగే నడిచాడు. రెండో చుట్టుకు మంగాయమ్మ రెక్క కింద నుంచి ఈకలు తీసి ఆయన దారిలో నేల మీద పెట్టింది. తెల్లటివి, అంచున నల్లచుక్కలున్నవి. పాపారావు కూడా చూశాడు.

గురవయ్య పరుగు అందుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి పరుగెత్తని ఎద్దు ఆ రోజు పరుగెత్తింది. దిగుతానన్నా దిగనివ్వలేదు, దూకుదామంటే భూమి నిలవలేదు. ఆకాశం, ఏరు, గేదె, మళ్ళీ ఆకాశం. కండువా ఎటో ఎగిరిపోయింది. చివరికి పాపారావు ఒక పక్కకు జారి, ఒండ్రులో పొర్లి, లేచి, ఏది తూర్పో ఏది పడమరో తెలియక సత్తెమ్మ కొమ్ముల మధ్యకే వెళ్ళి, అక్కడ తగలాల్సింది తగిలించుకుని రేవుకు పడ్డాడు. తూలుతూ తెప్ప ఎక్కి తోసుకున్నాడు. నడి ఏట్లోకి వెళ్ళాక బోదెలు ఒక్కొక్కటీ ఎవరి దారిన అవి పోవడం మొదలుపెట్టాయి. కట్టిన కొబ్బరితాళ్ళను కోటాచారి పొద్దున్నే కూర్చుని తీరిగ్గా కొరికిపెట్టాడు.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం గానీ, దాటకుండానే పోగొట్టుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం" అన్నాడు కోటాచారి, ముక్కు తుడుచుకుంటూ.

పాపారావు ఈదుకుంటూ ఎక్కడో తేలాడట. నూనె మాట ఎత్తితే ఇప్పటికీ కళ్ళు తిరుగుతాయట.

మంగాయమ్మ ఆ ఈకల్ని గానుగ పక్కనే గొయ్యి తీసి పాతిపెట్టింది. పిల్లలకు రెక్కలు వచ్చాయి. ఆవిడ మాత్రం మారలేదు. వరుసలో ఇప్పటికీ నిలబడలేదు, గానుగ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, "ఇంకా ఎంతసేపు బాబాయ్" అంటూనే ఉంటుంది. గురవయ్య "రేపు పొద్దుటికి అయిపోద్దమ్మా" అంటాడు. ఆవిడ సణుక్కుంటుంది గానీ, బస్తా మాత్రం అక్కడి నుంచి కదల్చదు. అప్పుడప్పుడు రేవుకు ఏదో ఒక తెప్ప వస్తుంది, సగానికే ఇస్తామంటారు. మంగాయమ్మ అందరికంటే ముందు పరుగెత్తుకెళ్ళి ఒకే ఒక్క మాట అడుగుతుంది, "మరి పిండి ఏదండీ?" అని.

అందుకే, చవకగా వచ్చిన నూనె చూసి మురిసిపోయే ముందు, దాని పిండి లేక ఎవరి పిల్లలు పస్తుంటారో అడిగి తెలుసుకోవాలి.